నడిచే ఊరికి నమస్కారం

అనంత చతుర్దశీ, రావమ్మా! భాద్రపదపు ముసురును కాసేపు పక్కన పెట్టి రా. పది రోజులుగా గల్లీ గల్లీలో కొలువుదీరిన గణపయ్యలను లారీలెక్కించి, ట్రాలీ ఆటోలెక్కించి, తోపుడుబండ్ల మీద కూర్చోబెట్టి, ఒళ్ళో పెట్టుకుని, నెత్తిన పెట్టుకుని హుస్సేన్‌సాగర్ బాట పట్టించే రోజువు నువ్వు. హైదరాబాద్ నీకోసం ఏడాదంతా ఎదురుచూస్తుంది.

నిన్ను పొగడడానికి ఒక్క కారణం చాలు. మిగతా రోజుల్లో ఈ నగరం బండ్లకు దారి ఇచ్చి, నడిచే మనిషిని గోడవారకు నెడుతుంది. రోడ్డు దాటాలంటే చెయ్యి అడ్డం పెట్టి, దండం పెట్టి దాటాలి. ఫుట్‌పాత్ మీద అడుగు వేయాలంటే చోటు వెతుక్కోవాలి. నువ్వు వచ్చిన నాడు కార్లు ఇళ్ళల్లోనే ఉండిపోతాయి. సిగ్నళ్ళ వంక ఎవరూ చూడరు. బాలాపూర్ నుంచి ట్యాంక్‌బండ్ దాకా దాదాపు 20 కిలోమీటర్ల తారురోడ్డు కాళ్ళకు దక్కుతుంది. చెప్పుల్లేని కాళ్ళకు, పట్టీల కాళ్ళకు, బురద కాళ్ళకు, వంకరపోయిన ముసలి కాళ్ళకు. ఊరు ఎవరిదో ఆ రోజున తేలిపోతుంది.

ముందుగా, నీ దగ్గరికి చేర్చే దారులకు నమస్కారం.

తెల్లవారుతూనే మియాపూర్‌లో, ఎల్బీనగర్‌లో మెట్రో మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలవుతుంది. నాగోల్ వైపు వాళ్ళు అమీర్‌పేటలో దిగి రైలు మారతారు. లింగంపల్లి నుంచీ ఫలక్‌నుమా నుంచీ ఎమ్మెమ్టీఎస్ పెట్టెలు నిండిపోయి వస్తాయి. ఆర్టీసీ బస్సులను ఊరి నడుమకు రానివ్వరు, ఎక్కడివక్కడ మలుపుతారు. అక్కడ దిగిన జనం ఇక నడకే. జిల్లాల నుంచి వచ్చినవాళ్ళ చేతుల్లో పులిహోర గిన్నెలు, నీళ్ళ సీసాలు, పిల్లల నుదుట కాషాయపు పట్టీలు. రైల్లో నిలబడ్డానికి చోటులేకపోయినా ఎవరి మొహంలోనూ చిరాకు ఉండదు. చంటిపిల్లను ఎత్తుకున్న తల్లికి సీటిచ్చేవాడు ఇస్తూనే ఉంటాడు, ఆ పిల్లకు అరటిపండు ఒలిచి పెట్టేవాళ్ళు పెడుతూనే ఉంటారు.

"ఏడికెళ్ళి వస్తున్నరు పెద్దమ్మా?"

"సంగారెడ్డి కాడికెళ్ళి బిడ్డా. మనుమడు పెద్ద గణపతిని సూస్తనని రాత్రంత నిద్రవోలే."

"దిగినంక ఎటువోవాల్నో తెలుసా?"

"జనం ఎటువోతే అటే. తెల్వనిదేముంది?"

ఆ రోజున దారి తెలుసుకోవడానికి అంతకు మించిన మాట లేదు. ఖైరతాబాద్ స్టేషన్లోనో లక్డీకాపూల్ స్టేషన్లోనో తలుపు తెరుచుకుంటుంది. పెట్టె మొత్తం దిగిపోతుంది. మెట్లు దిగుతుంటేనే డప్పు వినపడుతుంది, గుండెకు ముందు, చెవికి తర్వాత. ఎక్కడి నుంచి ఎవరు వచ్చారో, ఏ కులమో, ఏ కొలువో అడిగేవాడు ఉండడు. టికెట్టు లేదు, పాసు లేదు, ముందువరుస కుర్చీ లేదు. ముందు వచ్చినవాడు ముందు నిలబడతాడు, పొట్టివాళ్ళను పొడుగువాళ్ళు ముందుకు పంపుతారు, పిల్లలు ఎవరో ఒకరి భుజమెక్కుతారు. చూడ్డానికని వచ్చినవాడు నాలుగు అడుగులు వేసేసరికి యాత్రలో కలిసిపోతాడు.

ఖైరతాబాద్ గణపతీ, నీకు నమస్కారం.

1954లో సింగరి శంకరయ్య నిన్ను నిలబెట్టిన నాడు నువ్వు ఒక్క అడుగే. 1893లో పుణెలో లోకమాన్య తిలక్ గణపతిని ఇంట్లోంచి వీధిలోకి తెచ్చిన స్ఫూర్తి అరవై ఏళ్ళు దాటాక ఈ బస్తీలో ఆ ఒక్క అడుగు వేసింది. ఏటా ఒక్కో అడుగు పెంచారు నిన్ను. 2014లో 60 అడుగులైనావు. కరోనా కమ్మిన 2020లో 9 అడుగులకు ఒదిగి, ఊరితోపాటు నువ్వూ ఇంటిపట్టున ఉన్నావు. డెబ్బయ్యేళ్ళు నిండినందుకు 2024లో 70 అడుగులు లేచావు. శిల్పి చిన్నస్వామి రాజేంద్రన్ చేతి కింద ఇనుప చట్రానికి గడ్డి చుట్టి, గోనె చుట్టి, మట్టి మెత్తి, నెలల తరబడి నిన్ను మలిచిన కూలీల పేర్లు ఏ బోర్డు మీదా ఉండవు. వాళ్ళు తమిళనాడు నుంచి వస్తారు, బెంగాల్ నుంచి వస్తారు, పొరుగు జిల్లాల నుంచి వస్తారు. నీ కళ్ళు దిద్దిన చేతులకు నీకంటే ముందు దండం పెట్టాలి.

నువ్వు కదిలే ఘడియ చూడాలి! ముందురోజు రాత్రే నిన్ను భారీ ట్రైలర్ మీదికి చేర్చి, నీ పాదాల చుట్టూ ఇనుప దూలాలు వెల్డింగ్ చేస్తారు. నీలి మెరుపులు, నిప్పురవ్వలు, ఆ వెలుగులో నీ తొండం. తెల్లవారాక డ్రైవరు ఇంజను తిప్పుతాడు. కాసేపు నువ్వు కదిలావో లేదో తెలియదు. నీ వెనక ఉన్న మేడ పక్కకు జరిగినట్టు అనిపించినప్పుడు గానీ తెలియదు కదిలావని. అప్పుడు లేస్తుంది జయజయధ్వానం. రాజ్‌దూత్ చౌరస్తా, టెలిఫోన్ భవన్, ఎక్బాల్ మినార్, తెలుగుతల్లి ఫ్లైఓవర్, సచివాలయం, ఎన్టీఆర్ మార్గ్. మామూలు రోజున ఐదు నిమిషాల దారి. ఆ రోజున గంటల ప్రయాణం. ప్రతి మలుపులో నువ్వు ఆగుతావు, కొలతలు చూసుకుంటారు, జానెడు వెనక్కి, మూరెడు ముందుకు. మిద్దెల మీద, గోడల మీద, ఆఫీసు కిటికీల్లో మొహాలు. నిన్ను చూడ్డానికి తలెత్తని తల ఆ దారిలో ఉండదు.

బాలాపూర్ గణపతీ, నీకు నమస్కారం.

పొద్దున్నే బొడ్రాయి దగ్గర నీ చేతి లడ్డూకు వేలం. 1994లో ఆ లడ్డూ 450 రూపాయలకు పోయింది. ఆనాడు దాన్ని దక్కించుకున్న రైతు కొలను మోహన్‌రెడ్డి ప్రసాదాన్ని పొలంలో చల్లితే పంట విరగకాసిందని ఊరివాళ్ళు నేటికీ చెప్పుకుంటారు. 2025లో అదే లడ్డూ 35 లక్షలు పలికింది. ఆ పైకం ఊరి పనులకు వెళుతుంది. వేలం ముగిసిందంటే ఊరి లెక్క ముగిసినట్టే. ఇక నువ్వు ఊరివాడివి కావు, నగరానివి. చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, అలియాబాద్, శాలిబండ దాటి చార్మినార్ ముందుకు వస్తావు.

చార్మినార్ ముందు నువ్వు నిలిచే క్షణానికి నమస్కారం. 1591 నాటి ఆ నాలుగు మినార్లు, ఆ పక్కన మక్కా మసీదు, నడుమ జనంతో నిండిన నీ బండి. కెమెరాలన్నీ అటే తిరుగుతాయి. నేను మాత్రం ఆ తారురోడ్డు మీద వినిపించే తాళానికి మొక్కుతాను. ఆ మర్ఫా వాయిద్యం ఆఫ్రికా నుంచీ యెమెన్ నుంచీ నిజాం కొలువుకు వచ్చిన మనుషుల వెంట వచ్చింది. వాళ్ళ వారసులుండే బార్కస్‌లో పెళ్ళిళ్ళకు మోగే ఆ దెబ్బే తీన్మార్ అయి గణపయ్య ముందు మోగుతుంది. వాయించేవాడి మతం ఏదైనా ఆడేవాడి కాలు ఆగదు. 2023లో నిమజ్జనమూ మిలాద్ ఉన్ నబీ పండుగా సెప్టెంబరు 28నే వచ్చాయి. రెండు యాత్రలు ఒకే వీధుల్లో ఒకే రోజున జరగాలి. నగరంలోని ముస్లిం పెద్దలు కూర్చుని మాట్లాడుకుని తమ ఊరేగింపును అక్టోబరు 1కి వాయిదా వేసుకున్నారు. ఆ ఒక్క నిర్ణయం వెయ్యి ఉపన్యాసాల పెట్టు. దారి ఇవ్వడం తెలిసిన ఊరు ఇది. ఆ మర్యాదకు చేతులెత్తి నమస్కారం.

అక్కడి నుంచి మదీనా, నయాపూల్ మీద మూసీ, అఫ్జల్‌గంజ్, సిద్ధిఅంబర్ బజార్. 1935 నాటి మొజంజాహి మార్కెట్ రాతి గోడల ముందుకు వచ్చేసరికి నువ్వు ఒక్కడివి కావు. ధూల్‌పేట నుంచి వచ్చినవాళ్ళు, బేగంబజార్ నుంచి వచ్చినవాళ్ళు, పాతబస్తీ నలుమూలల నుంచి వచ్చినవాళ్ళు నీ వెనక. అబిడ్స్, బషీర్‌బాగ్ దాటి లిబర్టీ చేరితే దిల్‌సుఖ్‌నగర్, అంబర్‌పేట, సికింద్రాబాద్ వైపు బండ్లు నారాయణగూడ మీదుగా వచ్చి కలుస్తాయి. టోలీచౌకి, మెహిదీపట్నం బండ్లు లక్డీకాపూల్ వైపు నుంచి దిగుతాయి. వానాకాలం వాగులన్నీ చెరువు పట్టినట్టు ఊరి వీధులన్నీ సాగర్ కట్టకు చేరతాయి.

ఇప్పుడు ఒక చోట నిలబడి చూడాలి. పెద్ద విగ్రహాల గురించి అందరూ చెబుతారు. నేను ఒక కుర్రాడి గురించి చెబుతాను.

లారీ క్యాబిన్ మీద నిలబడి ఉంటాడు. పదిహేడో పద్దెనిమిదో ఏళ్ళు. చేతిలో పొడుగాటి వెదురు గడ, దాని కొసకు అడ్డంగా కట్టిన కర్ర. గణపతి కిరీటానికి అడ్డం వచ్చే ప్రతి కేబుల్ వైరునూ ఆ కర్రతో ఎత్తి, లారీ కదులుతుంటే తాను వెనక్కి వెనక్కి నడుస్తూ, కిరీటం దాటించి, అవతల మెల్లగా వదులుతాడు. మళ్ళీ ఇంకో వైరు. మళ్ళీ ఎత్తుతాడు. కింద దోస్తులందరూ రంగు చల్లుకుని ఎగురుతున్నారు. డప్పు దెబ్బకు వాడి మడమ కూడా ఆగలేక ఆడుతోంది, చూపు మాత్రం పైనే. చెంపల మీద గులాల్ చెమటకు కారి మెడ దాకా దిగింది. కింది నుంచి ఎవరో మజ్జిగ ప్యాకెట్ విసిరితే ఒంటిచేత్తో పట్టి, పళ్ళతో చించి, గడ దించకుండానే తాగేశాడు. దేవుడి కిరీటం కాపాడే కొలువు వాడిది. వాడికి జీతం లేదు, ఫొటో లేదు. ఆ రాత్రంతా వాడు తల దించడు.

వాడి లాంటివాళ్ళకు నమస్కారం. వాకిట్లో బల్ల వేసి, డ్రమ్ముల్లో నీళ్ళు నింపి, దారినపోయే ప్రతివాడినీ "తాగి పోన్రి అన్నా" అని పిలిచే దుకాణదారుకు నమస్కారం. విస్తరాకు దొప్పల్లో పులిహోర, దద్దోజనం వడ్డించి వడ్డించి మణికట్టు నొప్పెడుతున్నా గంటె దించని అక్కలకు నమస్కారం. తప్పిపోయిన పిల్లను బల్లమీద కూర్చోబెట్టి, మైకులో పేరు పిలిచి, తల్లి ఏడుస్తూ వచ్చేదాకా బిస్కెట్ తినిపిస్తూ కూర్చునే మహిళా కానిస్టేబుల్‌కు నమస్కారం. రెండు రోజులు ఇల్లు చూడకుండా ఎండకూ వానకూ తాడు పట్టుకుని నిలబడే హోంగార్డుకు నమస్కారం. ఆఖరి రైలు వేళను అర్ధరాత్రి దాటించి, ఒక్కరినీ ప్లాట్‌ఫాం మీద వదలకుండా ఇళ్ళకు చేర్చే మెట్రో సిబ్బందికి నమస్కారం. పండుగ పది మందిదీ అంటాం. ఆ పది మందిలో ముందు లెక్కించాల్సినవాళ్ళు వీళ్ళు.

క్రేనూ, నీకూ నమస్కారం.

ట్యాంక్‌బండ్ మీద, ఎన్టీఆర్ మార్గ్‌లో, పీపుల్స్ ప్లాజా దగ్గర వరసగా నిలబడి, రాత్రీ పగలూ మెడ వంచి, ఎత్తుతూ దించుతూ నువ్వు చేసే పనిలో ఎంత సున్నితం ఉందో దగ్గర నుంచి చూసినవాడికే తెలుస్తుంది. ఒక బస్తీ గణపతి వంతు వచ్చింది. లారీ వెనక్కి వచ్చి ఆగింది. మీదున్న పూలదండలూ పత్రీ తీసి పక్కన పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. ఇత్తడి పళ్ళెంలో కర్పూరం వెలిగించి ఆఖరి హారతి ఇచ్చారు. గాలికి ఆరకుండా నలుగురూ చేతులు అడ్డం పెట్టారు. పది రోజులు అర్ధరాత్రి దాకా మండపంలో కాపలా పడుకున్న కుర్రాళ్ళు ఒక్కొక్కరే వచ్చి విగ్రహం పాదాలు ముట్టుకుంటున్నారు. అప్పటిదాకా అరిచి అరిచి గొంతు పోయినవాడు ఆ క్షణాన మాట్లాడలేదు, తొండం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "జరుగుండ్రి, జరుగుండ్రి" అన్నాడు క్రేన్ పనివాడు, గొంతు తగ్గించి. బెల్టులు తగిలించాడు. గణపయ్య గాల్లోకి లేచాడు, అర చుట్టు తిరిగి ఒక్కసారి ఊరి వైపు చూశాడు, నీళ్ళ వైపు తిరిగాడు. నీళ్ళు తాకాయి పాదాలు, బొజ్జ, చెవులు, కిరీటం. "జై బోలో గణేశ్ మహరాజ్‌కీ" అని ఒక్కడు మొదలుపెడితే కట్ట మొత్తం "జై" అంది. కొక్కెం ఖాళీగా పైకి వచ్చింది. తర్వాతి లారీ అప్పటికే వెనక్కి వస్తోంది.

ఎన్టీఆర్ మార్గ్‌లో నాలుగో నంబరు క్రేన్ దగ్గర ఖైరతాబాద్ గణపతి దిగేటప్పుడు లక్షల కళ్ళు చూస్తాయి. ఈ బస్తీ గణపతి దిగేటప్పుడు చూసింది ఇరవై మందో ముప్పై మందో. ఏడుపు మాత్రం రెండు చోట్లా ఒక్కటే. దేవుణ్ణి తెచ్చుకోవడం అన్ని ఊళ్ళకూ తెలుసు. సాగనంపడం నేర్పే పండుగ ఇది. చేతులారా చేసుకున్నదాన్ని, మనసారా కొలిచినదాన్ని, వేళ కాగానే వదిలిపెట్టే ధైర్యం ఇంత జనానికి ఒక్కరోజునే వస్తుంది.

హుస్సేన్‌సాగర్ తల్లీ, అన్నిటికంటే పెద్ద నమస్కారం నీకు.

1562లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో హజ్రత్ హుస్సేన్ షా వలీ నిన్ను తవ్వించాడు. అప్పటికి చార్మినార్ లేదు, హైదరాబాద్ లేదు. ఊరికంటే నువ్వు 29 ఏళ్ళు పెద్దదానివి. ఊరు తాగిన నీళ్ళు నీవే. నీ నడుమ రాతి గుట్ట మీద నిలబడ్డ బుద్ధుడు 1990లో నీ నీళ్ళలో మునిగి, 1992లో లేచి నిలబడ్డాడు. గణపయ్య ఏటా నిలబడి, ఏటా మునుగుతాడు. ఇద్దరినీ మోసినదానివి నువ్వు. మా మురుగును కూడా మోస్తున్నావు, కిక్కురుమనకుండా.

అందుకే నీ తరఫున ఒక మాట అనాలి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీళ్ళలో కరగదు. రంగుల్లోని సీసం కరిగి చేపల ఒంట్లోకి చేరుతుంది. సాగనంపిన దేవుడు మరునాటి ఎండకు విరిగిన చెయ్యితో, పెయింటు లేచిన మొహంతో ఒడ్డున పడి ఉండడం భక్తి కాదు. 2021లో తెలంగాణ హైకోర్టు అలాంటి విగ్రహాలను నీలో కలపవద్దంది. సుప్రీంకోర్టు ఆ ఏటికి మాత్రం వెసులుబాటిచ్చింది. మరుసటి ఏడాది, 2022లో, ఖైరతాబాద్ గణపతి 50 అడుగుల మట్టి విగ్రహమై నిలబడ్డాడు. అంత పెద్దాయన మట్టితో నిలబడగలిగినప్పుడు గల్లీలోని ఐదడుగుల గణపయ్య నిలబడలేడా? మట్టిలోంచి వచ్చి మట్టిలోకి పోవడమే కదా ఈ పండుగ చెప్పేది. కరగని దాన్ని నీళ్ళలో వేస్తే పండుగ సగంలోనే ఆగిపోయినట్టు.

మరునాడు తెల్లవారుజామున వస్తారు సఫాయి అక్కలు. పొడుగాటి చీపుళ్ళు, ముక్కుకు కొంగు. మొజంజాహి మార్కెట్ నుంచి కట్ట దాకా కాగితాలు, దొప్పలు, తెగిన చెప్పులు, గులాల్ మరకలు. కట్ట మీద క్రేన్లు ఇంకా పని చేస్తూనే ఉంటాయి, మధ్యాహ్నం దాకా బండ్లు వస్తూనే ఉంటాయి. నీళ్ళలోంచి ఇనుప చట్రాలను మరో యంత్రం పైకి లాగుతూ ఉంటుంది. అక్కలు మాత్రం ఒక కొస నుంచి ఊడ్చుకుంటూ వస్తారు. సాయంత్రానికి ఊరు మళ్ళీ బండ్లకు దారి ఇస్తుంది. ఈ యాత్రను మొదలుపెట్టేవాళ్ళు లక్షల మంది. ముగించేవాళ్ళు ఆ అక్కలే.

పాఠకులారా, ఈ ఊళ్ళో ఉంటూ ఈ రోజును టీవీలో చూసి ఊరుకున్నవాళ్ళు మీలో ఉంటే, వచ్చే భాద్రపదంలో ఒక్కసారి రండి. బండి ఇంట్లో పెట్టండి. మెట్రో ఎక్కి ఖైరతాబాద్‌లోనో లక్డీకాపూల్‌లోనో దిగండి. పిల్లల జేబులో మీ ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. తాగే నీళ్ళు తెచ్చుకోండి, ఖాళీ సీసా ఇంటికి తీసుకెళ్ళండి. మీ అపార్ట్‌మెంటులో, మీ గల్లీలో చందా అడగడానికి వచ్చిన కుర్రాళ్ళను "మట్టి గణపతేనా?" అని అడిగి, అవునంటే రెండింతలు ఇవ్వండి. చీపురు పట్టిన అక్క ఎదురైతే ఆగి ఒక దండం పెట్టండి. ఈ ఊరు మనది అనుకోవడానికి పట్టా కాగితాలు అక్కర్లేదు, దాని వీధుల్లో పదిమందితో కలిసి ఒక్కరోజు నడిస్తే చాలు. నడిచి రండి.